క్లాసిక్ 350కి హాయిగా ఉండే సీటు ఏది? జనగామ దాటాక కూర్చోలేకపోతున్నా

క్లాసిక్ హన్మకొండ

అందరికీ నమస్తే. నాది 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి. వయసు 36, బరువు 88 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఆస్పత్రుల్లో వాడే మిషన్లకు సర్వీస్ చేసే పని నాది. వారంలో రెండుసార్లైనా హైదరాబాద్ పోవాలి, లేదంటే కరీంనగర్, మంచిర్యాల తిరగాలి. బస్సులో పొమ్మని ఇంట్లో అంటారు. కానీ దారిలో ఉండగానే ఫోన్ వచ్చి ఇంకో ఊరికి మళ్లాల్సి వస్తుంది కాబట్టి నాకు బండే నయం.

హన్మకొండలో బయల్దేరితే రఘునాథపల్లి దాకా ఏ ఇబ్బందీ ఉండదు. జనగామ వచ్చేసరికి కూర్చునే చోట రెండు వైపులా మంట మొదలవుతుంది. ఆలేరు దగ్గర ఒక పక్కకు ఒరుగుతా, భువనగిరి దగ్గర ఇంకో పక్కకు. ఉప్పల్‌లో బండి దిగాక కాసేపు నడుము నిటారుగా రాదు. ఆస్పత్రిలోకి అలా వంగి నడుస్తూ పోతుంటే వాళ్లే నన్ను కూర్చోమంటున్నారు.

ఇప్పటికి రెండు ప్రయత్నాలు చేశా. మొదట జెల్ ప్యాడ్ కొని సీటు మీద బెల్టుతో కట్టా. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట బండి అరగంట ఎండలో ఉంటే దాని మీద కూర్చోవడం కాదు, చెయ్యి కూడా పెట్టలేం. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక టూరింగ్ సీటు, అంటే దూర ప్రయాణాలకు చేసే సీటు, తెప్పించా. అన్ని క్లాసిక్‌లకూ సరిపోతుందని రాశారు. తీరా చూస్తే అది పాత మోడల్‌ది. నా బండి ఫ్రేమ్ మీద బిగించే బ్రాకెట్టే కలవలేదు. వాపసు పంపితే డబ్బులు రావడానికి నెలన్నర పట్టింది.

ఇప్పుడు కంపెనీ టూరింగ్ సీటు కొనాలా, బయట దొరికేది కొనాలా, ఉన్న సీటునే మళ్లీ చేయించుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మంచిర్యాల 650

అన్నా, నాది ఇంటర్‌సెప్టర్. బండితో వచ్చిన స్టాక్ సీటుతో నాదీ ఇదే కథ. కంపెనీ యాక్సెసరీస్‌లో వచ్చే టూరింగ్ సీటు వేయించుకున్నా. బిగింపులో ఏ తేడా రాలేదు, తాళంతో సహా సరిగ్గా కూర్చుంది, వారంటీ గురించి ఆలోచించే పని లేదు. ఇదివరకు 80 కిలోమీటర్లకు వచ్చే నొప్పి ఇప్పుడు 150 దాటాక వస్తోంది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. ఒక మాట, కొనేముందు ఎవరి బండి మీదైనా ఆ సీటుతో గంట తిరిగి చూడు. షోరూములో స్టాండ్ మీద ఉన్న బండెక్కి రెండు నిమిషాలు కూర్చుంటే ప్రతి సీటూ బాగానే ఉంటుంది. నేను అలా చూసే మొదటిసారి మెత్తటిది కొని పారేశా.

కాజీపేట పాత బుల్లెట్

తమ్ముడూ, నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. 1989 నుంచి బుల్లెట్ నడుపుతున్నా. అప్పటి సీటు కింద స్ప్రింగులు, పైన రెగ్జిన్. మెత్తగా ఏమీ ఉండేది కాదు. అయినా ఏటూరునాగారం దాకా పోయి అదే రోజు తిరిగొచ్చేవాణ్ణి. ఎందుకంటే సీటు వెడల్పు, వాలు లేదు, కాళ్లు సహజంగా కిందికి పడేవి. ఇప్పటి సీట్లు చాలావరకు ముందుకి వాలి ఉంటున్నాయి. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు వైపు జారతాం, మళ్లీ వెనక్కి జరుగుతాం. ఆ జారుడులోనే సగం మంట. మీ సీటు మీద మేస్త్రీలు వాడే మట్టం పెట్టి చూడండి, ఎంత వాలిందో తెలుస్తుంది.

ఎండ సంగతికి నా దగ్గర ఒకటే మందు ఉంది, గొంగడి. కురుమలు నేసే అసలు ఉన్ని గొంగడి ముక్కను సీటు కొలతకు కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, కింద ఎలాస్టిక్ వేసుకున్నా. ఉన్నిలో గాలి ఉంటుంది కాబట్టి కింద రెగ్జిన్ కాలినా మనకు తగలదు, చెమటా ఊరదు. కొత్తలో కాస్త గుచ్చుకుంటుంది, రెండు ఉతుకులకు మెత్తబడుతుంది. వేరే దేశాల్లో దూరం తిరిగేవాళ్లు గొర్రె తోలు వేసుకునేదీ ఇందుకే.

ఫిజియో నయీంనగర్

నేను ఫిజియోథెరపిస్టును, బండి కూడా నడుపుతా. సీటు గురించి మాట్లాడేముందు మీ ఒళ్లు సీటు మీద ఎక్కడ ఆనుతోందో చూసుకోవాలి.

మనం కూర్చున్నప్పుడు బరువు మోయాల్సింది పిరుదుల లోపల ఉండే రెండు ఎముకలు. గట్టి బల్ల మీద కూర్చుని అటూ ఇటూ కదిలితే అవి తెలుస్తాయి. వాటి మధ్య దూరం మనిషిని బట్టి మారుతుంది. ఎక్కువమందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల లోపు ఉంటుంది, ఆడవాళ్లకు సాధారణంగా కొంచెం ఎక్కువ. కొలుచుకోవడం సులువే. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ముక్కను మెట్టు మీద పెట్టి, దాని మీద కూర్చుని, మోకాళ్లు కాస్త పైకి లేపి ఒక నిమిషం ఉండండి. లేచాక అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్య నుంచి మధ్యకు స్కేలుతో కొలవండి. క్లాసిక్ మీద మనం నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఆ రెండు గుంటలూ పూర్తిగా సీటు చదును మీద పడాలి. సీటు అంచు వాలు మీద పడ్డాయంటే ఎంత ఖరీదైన ఫోమ్ వేసినా నొప్పి తప్పదు.

ఇక మెత్తదనం. మరీ మెత్తటి సీటులో ఎముకలు కిందికి దిగిపోతాయి. చుట్టూ ఉన్న కండ, మధ్యలో ఉన్న నరాలు బరువు మోయాల్సి వస్తుంది. అందుకే మొదటి 20 నిమిషాలు స్వర్గంలా ఉన్న సీటు తర్వాత తిమ్మిరి తెస్తుంది. మంట, నొప్పి ఒక రకం. తొడల మధ్య మొద్దుబారడం ఇంకో రకం, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దిగి నడిచినా స్పర్శ త్వరగా రాకపోతే సీటు మార్చేముందు డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంకొకటి అడుగుతా, ఏమనుకోకండి. మీ పర్సు ఎక్కడ పెట్టుకుంటారు?

క్లాసిక్ హన్మకొండ

ఫిజియో గారూ, వెనక జేబులోనే. కుడి వైపు. మీరు అడిగాకే తట్టింది, నాకు కుడి వైపే మంట ముందు మొదలవుతుంది. అట్ట మీద కూడా కొలిచా, 12 సెంటీమీటర్లు వచ్చింది.

గనిలో నైట్ షిఫ్ట్

నాది గోదావరిఖని, స్ప్లెండర్. పెద్ద సీట్ల సంగతి నాకు తెలియదు గానీ సీటు మీద వేసుకునే, చిన్న చిన్న గదుల్లో గాలి నింపే గాలి కుషన్ సంగతి చెప్తా. నేను మొదట దాన్ని ట్యూబులా గట్టిగా ఊది కూర్చునేవాణ్ణి, బంతి మీద కూర్చున్నట్టు ఊగేది. మా దోస్తు ఒకతను చెప్పాడు, ఊదాక బండెక్కి కూర్చుని మెల్లగా గాలి వదలాలట. ఒళ్లు సీటుకు తగలకుండా వేలెడు పైన తేలేంత ఉంటే చాలు. అలా చేశాక బాగుంది. గదుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి జెల్ లాగా వేడెక్కదు. మూల మలుపుల్లో మాత్రం కొంచెం కదులుతుంది, అలవాటయ్యేదాకా పైలం.

సీటు పనోడు కరీంనగర్

అన్నా, మా బాపు ముప్పై ఏళ్లుగా సీట్లు కుడుతున్నాడు, నేను పన్నెండేళ్లుగా. కొంచెం పెద్దగా రాస్తా, ఓపికగా చదవండి.

నీ సీటు విప్పి చూడకుండా కొత్తది కొనకు. పోయిన నెల నీలాంటి బండే ఒకటి వచ్చింది. 40 వేల కిలోమీటర్లు తిరిగింది, మనిషి బరువు 90 పైన. రెగ్జిన్ లాగి చూస్తే ఫోమ్‌లో రెండు గుంటలు, చపాతీ పిండిని పిడికిలితో నొక్కినట్టు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, రెగ్జిన్ బిగుతుగానే ఉంది. ఆ గుంటల్లో బొటనవేలు పెట్టి నొక్కితే కింద ప్లాస్టిక్ తగిలింది. ఆయన అన్ని రోజులూ ఫోమ్ మీద కాదు, ప్లాస్టిక్ మీద కూర్చున్నాడు.

ఫోమ్ కొనేటప్పుడు అందరూ పొరపాటు పడేది డెన్సిటీ దగ్గర. డెన్సిటీ ఎక్కువుంటే గట్టిగా ఉంటుందని అనుకుంటారు. అవి రెండూ వేరు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే లెక్క. అది ఫోమ్ ఎన్నాళ్లు ఆకారం నిలబెట్టుకుంటుందో చెబుతుంది. గట్టిదనం అంటే నొక్కితే ఎంత దిగుతుందనేది. ఎక్కువ డెన్సిటీలోనూ మెత్తటిది దొరుకుతుంది, తక్కువ డెన్సిటీలోనూ గట్టిది ఉంటుంది, కాకపోతే అది ఆరు నెలలకే చచ్చిపోతుంది. పరుపుల షాపువాడు 40 డెన్సిటీ అని చెబితే నమ్మాలా వద్దా అనుకుంటే, అన్ని వైపులా 10 సెంటీమీటర్లు ఉండేలా ఒక ముక్క కోయించి వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టు. 40 గ్రాములు తూగితే 40 డెన్సిటీ, 28 తూగితే 28. మా బాపు చదువుకోలేదు గానీ ఈ లెక్క ఆయనకు చేతి తూకంలోనే తెలుస్తుంది.

మేము చేసే పద్ధతి ఇది. మనిషిని బండి మీద కూర్చోబెట్టి, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టించి, ఒకరం బండి పట్టుకుంటాం. ఎముకలు ఆనే చోట సుద్దముక్కతో గుర్తు పెడతాం. తర్వాత రెగ్జిన్ విప్పి, గుంటలు పడిన మేర ఫోమ్‌ను అంగుళంన్నర లోతు కోసి తీసేస్తాం. అక్కడ రీబాండెడ్ ఫోమ్ వేస్తాం. ఫోమ్ తుక్కును తురిమి, గమ్ముతో కలిపి అచ్చు పోసిన రంగురంగుల ముక్క అది, బరువు బాగా మోస్తుంది. దాని మీద అర అంగుళం మెత్తటి ఫోమ్ ఒక పొర. కింద గట్టిది, పైన మెత్తటిది, ఈ వరస తిరగబడకూడదు. గమ్ అంచులకే పూయాలి. మధ్యలో అంతా పూస్తే ఆరాక అట్టకట్టి, కూర్చునే చోటే గట్టి పొర అవుతుంది. చాలామంది పనోళ్లు తొందరలో చేసే తప్పు అదే. చివరికి పాత బ్లేడుతో, ఆ తర్వాత గరుకు కాగితంతో అంచులన్నీ నునుపుగా రుద్దాలి. చేత్తో తడిమితే ఎక్కడా మెట్టు తగలకూడదు. ఒళ్లు ఆ మెట్టును గంటలో పట్టేస్తుంది.

రెగ్జిన్ కింద పలచని పాలిథీన్ కవరు వేయించుకోవడం మర్చిపోవద్దు. డిజైన్ కోసం సీటు నడిమధ్య కుట్లు వేయించుకుంటారు కొందరు. వానాకాలంలో ఆ సూది రంధ్రాల్లోంచే నీళ్లు ఫోమ్‌లోకి దిగుతాయి. పైన ఆరినట్టు ఉంటుంది, కూర్చోగానే ప్యాంటు తడుస్తుంది. కుట్లు పక్కలకే ఉండాలి.

టీచరమ్మ ములుగు

తమ్ముడూ, చాలా మంచి సంగతులు చెప్పావు. నాది హంటర్ 350. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. రోజూ ములుగు నుంచి పస్రా వైపు స్కూలుకు పోతా. సీటు గట్టిగా ఉందని ఒక చోట ఫోమ్ పెంచమన్నా. ఒక అంగుళం పెంచాడు. కూర్చోవడానికి బాగుంది గానీ కాళ్లు సరిగ్గా అందడం లేదు. మేడారం జాతర రద్దీలో బండి ఆపినప్పుడు ఒక పక్కకు ఒరిగిపోయి పడబోయా. హాయి కావాలంటే ఎత్తు పెరగక తప్పదా?

సీటు పనోడు కరీంనగర్

తప్పుతుంది అక్కా. కాళ్లు అందడం ఎత్తు ఒక్కదాని మీదే ఉండదు, సీటు ముందు భాగం వెడల్పు మీద కూడా ఉంటుంది. కాలు కిందికి పెట్టేటప్పుడు తొడ ఆ అంచు చుట్టూ తిరిగి దిగాలి. ట్యాంకు పక్కన ఉండే ఆ రెండు మూలలను చెక్కేస్తే, ఎత్తు తగ్గించకుండానే కాలు నేలకు దగ్గరవుతుంది. వెనక ఎముకలు ఆనే చోట మాత్రం వెడల్పు అలాగే ఉంచాలి. మీకు పెంచిన అంగుళం తీయక్కర్లేదు, మూలలు చెక్కించండి. అప్పటికీ చాలకపోతే పై మెత్తటి పొర తగ్గించాలి గానీ కింద గట్టి పొర ముట్టొద్దు.

వెనక సీటు

అందరూ ముందు సీటు గురించే మాట్లాడుతున్నారు. నేను మా ఆయన బండి మీద వెనక కూర్చునేదాన్ని. వరంగల్ నుంచి కాళేశ్వరం పోయి వచ్చాం. ఆయనకు కొత్త సీటు, నాకు పాత చిన్న దిమ్మ. చీర కట్టుకుని పక్కకు కూర్చుంటే బరువంతా ఒక తొడ మీద పడుతుంది. సీటు అంచున గుండ్రంగా ఉబ్బి కుట్టిన పైపింగ్ ఉంటుంది చూడండి, అది తొడ కిందికి దిగి కోస్తుంది. భూపాలపల్లి దగ్గర దిగి చూసుకుంటే ఎర్రగా గీత పడింది. దయచేసి వెనక కూర్చునేవాళ్లను కూడా ఒకసారి కూర్చోబెట్టి సీటు చేయించండి. ఇంకోటి, కొత్త సీటు అందంగా ఉంటుందని పట్టుకునే బెల్టు, గ్రాబ్ రైలు (వెనక పట్టుకునే కడ్డీ) రెండూ తీసేశారు ఆయన. గుంత వచ్చినప్పుడల్లా నేను దేన్ని పట్టుకోవాలి?

కాజీపేట పాత బుల్లెట్

అమ్మా, నీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అది సౌకర్యం మాటే కాదు, చట్టం కూడా. వెనక కూర్చునేవాళ్లకు చేతి పట్టు, ఫుట్‌రెస్టులు, వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. చీర చక్రంలో పడకుండా పెట్టే గార్డు అందుకే. సీటు మార్చినా ఇవి తీయించకూడదు. మీ ఆయనకు ఇది చూపించు.

ఫిజియో నయీంనగర్

క్లాసిక్ గారూ, సీటు పనికి ముందు ఖర్చు లేనివి రెండు చేయండి. పర్సు ముందు జేబులోకి మార్చండి, రోజూ ఒక వైపు ఎత్తుగా కూర్చుంటే నడుము నొప్పి కూడా రావచ్చు. వెనక షాకర్లు చూసుకోండి. మీ బండికి ఆరు మెట్ల ప్రీలోడ్ సర్దుబాటు, అంటే స్ప్రింగును ముందే ఎంత బిగించాలో మార్చుకునే వీలు, ఉంటుంది. మీ బరువుకు, వెనక మనిషి ఎక్కినప్పుడు, ఎక్కడ పెట్టాలో షోరూములో అడిగి పెట్టించుకోండి. షాకరు అడుగుకు కొట్టేస్తే ఆ దెబ్బ మొత్తం సీటులోంచి వెన్నుకే వస్తుంది. మనం దాన్ని సీటు తప్పని అనుకుంటాం.

గంటకోసారి దిగండి. దిగడం కుదరకపోతే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ, ఫుట్‌రెస్టుల మీద కొద్దిగా లేచి అర నిమిషం ఉన్నా రక్తం ఆడుతుంది.

మంచిర్యాల 650

నేనూ ఒక తప్పు ఒప్పుకోవాలి. అట్టపెట్టె మీద కొలుచుకుంటే నాకు 14 వచ్చింది. నా టూరింగ్ సీటు చదును భాగం చూస్తే సరిపోయీ పోనట్టుంది. ఇన్నాళ్లూ ఫోమ్ బాలేదని తిట్టుకున్నా. కరీంనగర్ తమ్ముడూ, ఒక ఆదివారం సీటు పట్టుకొని వస్తా.

క్లాసిక్ హన్మకొండ

రెండు నెలల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి మన్నించండి.

మొదట పర్సు ముందు జేబులోకి మార్చా, షాకర్లు ఒక మెట్టు పెంచించా. వీటితోనే నొప్పి జనగామ నుంచి ఆలేరుకు జరిగింది. తర్వాత ఒరిజినల్ సీటు ముట్టుకోకుండా, మెకానిక్ దగ్గర పాత సీటు ఒకటి, నా మోడల్‌దే, సరిచూసుకొని కొన్నా. పని చెడితే వెనక్కి పోవడానికి దారి ఉండాలి కదా. దాన్ని తీసుకొని కరీంనగర్ పోయా.

ఆ షాపులో గడిపిన మూడు గంటలూ నాకు గుర్తుండిపోతాయి. తమ్ముడి బాపు నన్ను బండి మీద కూర్చోబెట్టి, ఏమీ మాట్లాడకుండా చుట్టూ ఒకసారి తిరిగాడు. సుద్దతో రెండు గుర్తులు పెట్టి, "బిడ్డా, నువ్వు కుడికి ఒరుగుతున్నవ్" అన్నాడు. పర్సు సంగతి నేను చెప్పనే లేదు. ఫోమ్ కోసేటప్పుడు రంపపు బ్లేడును అరగదీసి చేసుకున్న పొడవాటి కత్తి వాడాడు. ఒక్కొక్క పొర వెన్నలా లేచింది. రెగ్జిన్ బిగించకముందే, పైన గుడ్డ కప్పి, పోయి పది కిలోమీటర్లు తిరిగి రమ్మన్నాడు. మానకొండూరు దాకా పోయి వచ్చి, ఎడమ అంచు తొడకు తగులుతోందని చెప్పా. ఇంకో వేలెడు మేర రుద్ది మళ్లీ పంపాడు. రెండోసారి వచ్చాకే రెగ్జిన్ వేశాడు. ఫోమ్, రెగ్జిన్, కూలీ అన్నీ కలిపి 1,800 అయింది.

మొదటి వారం గట్టిగా అనిపించి టెన్షన్ పడ్డా. రెండు వారాలకు ఒంటికి సర్దుకుంది. మొన్న పొద్దున హన్మకొండలో బయల్దేరి ఆలేరులో ఒక్క చాయ్ తాగి ఉప్పల్‌లో దిగా. దిగి మామూలుగా నడుచుకుంటూ లోపలికి పోయా. పెద్దాయన చెప్పిన గొంగడి కూడా వేశా, మే ఎండలో అదే కాపాడింది.

వెనక సీటు చెల్లె రాసింది చదివాక మా ఆవిడను కూడా తీసుకుపోయి ఆమె సీటు చేయించా. పైపింగ్ తీసేసి అంచు గుండ్రంగా చేశారు. రామప్ప దాకా పోయి వచ్చాం, మధ్యలో ఆగమని ఒక్కసారి కూడా అనలేదు.

వెనక సీటు

చాలా సంతోషం అన్నా. మా ఆయనకు చదివి వినిపించా. గ్రాబ్ రైలు మళ్లీ బిగించారు, సీటు పని వచ్చే వారం.

పల్సర్ జగిత్యాల

కొత్తగా చేరా. నాది పల్సర్ 150, సీటు మొత్తం ఒకటే, రెండు ముక్కలు కాదు. దానికి కూడా ఇలా చేయొచ్చా? బండి తేవాలా, సీటు ఒక్కటి పంపితే చాలా?

సీటు పనోడు కరీంనగర్

చేయొచ్చు తమ్ముడూ. బండితోనే రా, నువ్వు కూర్చోకుండా గుర్తు పెట్టలేం. వెనక ఎవరు ఎక్కువగా కూర్చుంటారో వాళ్లనూ తీసుకురా. ప్యాంటు వెనక జేబులు ఖాళీ చేసుకొని రా. పొద్దున పదింటికి వస్తే సాయంత్రానికి అయిపోతుంది.